కౌంట్‌డౌన్ టైమర్ లెక్కపెట్టకూడదు

విండోస్‌లో నడిచే ఒక పరీక్ష ప్రోగ్రాం ఉందనుకుందాం. గడువు 3 గంటలు. మిగిలిన సమయం సెకనులో పదోవంతు దాకా తెరమీద కనిపించాలని, రాసినవారు 100 మిల్లీసెకండ్లకోసారి మోగే టైమర్ పెట్టారు. అది మోగిన ప్రతిసారీ, అంటే ఒక్కో టిక్కుకూ, మిగిలిన సమయంలోంచి 0.1 తీసేస్తున్నారు. కోడ్ చదివితే తప్పేమీ కనబడదు. పది టిక్కులకు ఒక సెకను, 1,08,000 టిక్కులకు మూడు గంటలు. తీరా నడిపిస్తే, మామూలు సెట్టింగులున్న కంప్యూటర్‌లో ఆ పరీక్ష దాదాపు 3 గంటల 17 నిమిషాలు సాగుతుంది. ఇంకాస్త కచ్చితంగా ఉండాలని టైమర్‌ను 10 మిల్లీసెకండ్లకు తగ్గించి, 0.01 చొప్పున తీసేస్తే పరీక్ష 4 గంటల 41 నిమిషాలకు చేరుతుంది. సూక్ష్మంగా కొలవబోయిన కొద్దీ లెక్క ఇంకా చెడిపోయింది.

కారణం విండోస్ గడియారపు అడుగులో ఉంది. ప్రత్యేకంగా ఎవరూ అడగకపోతే విండోస్ తన టైమర్లను సెకనుకు 64 సార్లు, అంటే 15.625 మిల్లీసెకండ్లకోసారి చూసుకుంటుంది. ఆ రెండు చూపుల మధ్య గడువు తీరిన టైమర్ తర్వాతి చూపు దాకా ఆగాల్సిందే. 100 మిల్లీసెకండ్లంటే 6.4 అడుగులు. సగం అడుగు వేయడం కుదరదు కాబట్టి అది 7 అడుగులై, 109.375 మిల్లీసెకండ్లు పడుతుంది. 10 మిల్లీసెకండ్ల టైమర్‌కు ఒక అడుగు మొత్తం, 15.625, ఖర్చవుతుంది. మొదటిదానిలో 9 శాతానికి పైగా, రెండోదానిలో 56 శాతం ఆలస్యం. ఒక్కో టిక్కులో ఇది కంటికి ఆనదు. లక్ష టిక్కులు పోగయ్యాక మాత్రం దాచినా దాగదు.

పాతకాలపు సంగతి ఇంకా ముతక. తొలినాటి ఐబీఎం పీసీలో టైమర్ చిప్ సెకనుకు 18.2 సార్లు మాత్రమే కొట్టేది, అంటే దాదాపు 55 మిల్లీసెకండ్లకోసారి. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్‌లో, విండోలు కట్టే విండోస్ ఫార్మ్స్ టైమర్ కచ్చితత్వం 55 మిల్లీసెకండ్ల వరకేనని మైక్రోసాఫ్ట్ పత్రాలు ఇప్పటికీ చెబుతున్నాయి. ఆ అంకె మూలాలు అక్కడివే.

సెకనుకోసారి మోగే టైమర్ పెట్టి, ఒకటి చొప్పున తీసేస్తే సరిపోదా? నేర్చుకునే పాఠాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే. 1000 మిల్లీసెకండ్లంటే సరిగ్గా 64 అడుగులు కావడంతో పైకి ఇది బాగానే నడుస్తుంది. మోసం చేసేది కూడా ఇక్కడే. అయిదు నిమిషాలు పరీక్షించి చూస్తే తేడా దొరకదు. అసలు ఇబ్బంది, టైమర్ మోగిందని ప్రోగ్రాంకు చెప్పే సందేశానికి విండోస్ ఇచ్చే స్థానంలో ఉంది. ప్రోగ్రాం విండోకు వచ్చే సందేశాల వరుసలో మౌస్ కదలిక, కీ నొక్కడం వంటి వేరే పనులేవీ లేనప్పుడే ఆ సందేశం అందుతుంది. అందేలోపు గడువు మళ్ళీ మళ్ళీ తీరినా సందేశాలు పేరుకోవు. ఫైలు సేవ్ చేస్తూ తెర మూడు సెకన్లు బిగుసుకుపోతే, మూడు టిక్కులకు బదులు ఒక్కటే వస్తుంది. టిక్కుకు ఒకటి తీసేసే ప్రోగ్రాం దృష్టిలో గడిచింది ఒక సెకనే. మిగతా రెండూ అభ్యర్థికి ఉచితం. ఒక్కో టిక్కు సగటున 10 మిల్లీసెకండ్లు ఆలస్యమైందనుకున్నా 10,800 సెకన్ల పరీక్షలో 108 సెకన్లు అదనంగా వస్తాయి.

పైగా ఈ తప్పు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 2020 మే నాటి విండోస్ 10 వెర్షన్ 2004కు ముందు, ఏ ప్రోగ్రాం అయినా గడియారపు అడుగును 1 మిల్లీసెకండ్‌కు తగ్గించమని అడిగితే ఆ మార్పు కంప్యూటర్ మొత్తానికీ వర్తించేది. పక్కన బ్రౌజరో వీడియో ప్లేయరో తెరిచి ఉంటే 100 మిల్లీసెకండ్ల టైమర్ దాదాపు సరిగ్గా మోగేది, అది మూసేయగానే నెమ్మదించేది. రాసినవారి దగ్గర బ్రౌజర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా. 'నా మెషీన్‌లో బాగానే ఉంది' అన్న మాటకు ఇంతకన్నా నిజాయితీ గల సాకు దొరకడం కష్టం. ఆ వెర్షన్ నుంచి అలాంటి కోరిక ప్రభావం అడిగిన ప్రోగ్రాంకే పరిమితమవుతోంది.

ఇన్ని ఆలస్యాలనూ ఒక్కొక్కటిగా సరిచేయబోతే పని తెమలదు. టైమర్ చేత లెక్కపెట్టించడం మానేయడమే మందు. బడిలో గంట కొట్టే బంట్రోతు నిమిషాలను వేళ్ళమీద లెక్కపెట్టడు. గోడ గడియారం చూస్తాడు, వేళయితే కొడతాడు. ఒక పీరియడ్‌కు రెండు నిమిషాలు ఆలస్యంగా కొట్టినా తర్వాతి గంట దానివల్ల వెనక్కి జరగదు. కౌంట్‌డౌన్‌కూ ఇదే చాలు. మొదలుపెట్టినప్పుడు 'ఇప్పుడు'కు గడువు కలిపి, ముగిసే క్షణాన్ని ఒక్కసారి దాచుకోవాలి. టిక్ వచ్చినప్పుడల్లా ముగింపులోంచి ఇప్పటి సమయాన్ని తీసేసి, వచ్చిన తేడాను తెరమీద రాయాలి. టిక్ 15 మిల్లీసెకండ్లు ఆలస్యమైతే తెరమీది అంకె అంతే ఆలస్యంగా మారుతుంది తప్ప ఆ ఆలస్యం మరుసటి టిక్కుకు బదిలీ కాదు. మధ్యలో పది టిక్కులు మాయమైనా పదకొండోది వచ్చేసరికి లెక్క సరిపోతుంది. టైమర్ పని తెరను తాజా పరచమని లేపడం వరకే.

ఇక్కడితో సగం పని అయింది. 'ఇప్పుడు' ఎంత అని ఏ గడియారాన్ని అడగాలి అన్నది మిగతా సగం. నిజానికి చిక్కులన్నీ దీనిలోనే ఉన్నాయి.

చేతికి అందుబాటులో ఉండేది గోడ గడియారం, అంటే తేదీ, సమయం చెప్పే గడియారం. డాట్‌నెట్‌లో డేట్‌టైమ్ నౌ, పైథాన్‌లో టైమ్ టైమ్. దానితో తంటా ఏమిటంటే అది వెనక్కీ ముందుకీ దూకగలదు. ఇంటర్నెట్ టైమ్ సర్వర్‌తో సరిచూసుకున్నప్పుడు దూకుతుంది, వాడేవారు సెట్టింగుల్లో మార్చినా దూకుతుంది. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయిన పాత డెస్క్‌టాప్ ఆన్ చేయగానే ఏళ్ళ కిందటి తేదీ చూపిస్తుంది. తేదీ సరిచేయగానే ఒక్కసారిగా వర్తమానంలోకి వస్తుంది. ఆ రెంటికీ మధ్య ఎవరైనా కౌంట్‌డౌన్ మొదలుపెట్టి ఉంటే అది కళ్ళముందే సున్నా అయిపోతుంది.

స్థానిక సమయంతో లెక్క వేస్తే మరో గొయ్యి ఉంది, దాన్ని మనవాళ్ళు గమనించడం తక్కువ. భారతదేశంలో గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పే అలవాటు లేదు. రెండో ప్రపంచయుద్ధకాలంలో కొన్నాళ్ళు గంట ముందుకు జరిపి, తర్వాత మానేశారు. అందువల్ల హైదరాబాద్‌లోనో విశాఖలోనో రాసి పరీక్షించిన ప్రోగ్రాం ఈ విషయంలో ఏడాదంతా నిక్షేపంగా ఉంటుంది. దాన్నే అమెరికాలో వాడితే నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు గడియారం ఒంటిగంటకు వెనక్కి వెళుతుంది. అప్పుడు నడుస్తున్న కౌంట్‌డౌన్‌కు గంట కలిసొస్తుంది. మార్చి రెండో ఆదివారం గంట పోతుంది. స్థానిక సమయం బదులు ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయం వాడితే ఈ గొయ్యి పూడుతుంది. పై పేరాలోని దూకుళ్ళు మాత్రం అలాగే ఉంటాయి.

వాటిని తప్పించేది వెనక్కి నడవని గడియారం, అంటే మోనోటోనిక్ గడియారం. దానికి తేదీతో సంబంధం లేదు. ఏదో ఒక క్షణం నుంచి, సాధారణంగా కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచి, ఎంత గడిచిందో చెబుతుంది. సెట్టింగుల్లో తేదీని ఎవరు ఎటు జరిపినా దానికి పట్టదు. విండోస్‌లో క్వెరీ పెర్ఫార్మెన్స్ కౌంటర్, డాట్‌నెట్‌లో స్టాప్‌వాచ్, జావాలో నానోటైమ్, 3.3 నుంచి పైథాన్‌లో టైమ్ మోనోటోనిక్, ప్రోగ్రాం విండోలు కట్టే లైబ్రరీ క్యూటీలో ఎలాప్స్‌డ్ టైమర్ అన్నీ ఈ కోవకే చెందుతాయి. వీటిలో పాతదైన గెట్‌టిక్‌కౌంట్‌ను మాత్రం కొత్త కోడ్‌లోకి రానివ్వకపోవడం మేలు. అది 32 బిట్ల అంకె కాబట్టి 49.7 రోజులకు నిండి, మళ్ళీ సున్నాకు వస్తుంది. విండోస్ 95, 98 సరిగ్గా అన్ని రోజులు ఆపకుండా నడిస్తే బిగుసుకుపోయే లోపం కూడా ఇలా మిల్లీసెకండ్ల లెక్క 32 బిట్లలో నిండిపోవడం వల్లే వచ్చింది. విండోస్ విస్టాతో వచ్చిన 64 బిట్ల రూపంలో ఆ బెడద మన జీవితకాలంలో లేదు.

ఇక నిద్ర సంగతి. ల్యాప్‌టాప్ మూత మూసి ఇరవై నిమిషాల తర్వాత తెరిస్తే, అరగంట కౌంట్‌డౌన్ ఎంత చూపించాలి? ప్రోగ్రాం రాసినవారు నిర్ణయించుకోకపోతే ఆపరేటింగ్ సిస్టమే నిర్ణయించేస్తుంది, అదీ ఒక్కోటి ఒక్కోలా. లినక్స్‌లో మోనోటోనిక్ గడియారం నిద్రపోయిన సమయాన్ని లెక్కలోకి తీసుకోదు. తీసుకునే గడియారం పేరు బూట్‌టైమ్. మ్యాక్‌లో అబ్సల్యూట్ టైమ్ అనే గడియారం నిద్రలో ఆగిపోతుంది, కంటిన్యువస్ టైమ్ ఆగదు. విండోస్‌లో గెట్‌టిక్‌కౌంట్64 నిద్రను కలుపుకుంటుంది, విండోస్ 7తో వచ్చిన అన్‌బయస్‌డ్ ఇంటరప్ట్ టైమ్ వదిలేస్తుంది. పైథాన్ 3.12 వరకూ టైమ్ మోనోటోనిక్ విండోస్‌లో గెట్‌టిక్‌కౌంట్64నూ, లినక్స్‌లో నిద్రను లెక్కించని గడియారాన్నీ వాడేది. ఫలితంగా ఒక్క అక్షరం మార్చని అదే కోడ్ మూత తెరిచాక విండోస్‌లో పది నిమిషాలు మిగిలాయంటుంది, లినక్స్‌లో ముప్ఫై నిమిషాలూ భద్రంగా ఉన్నాయంటుంది.

ఏది సరైనదన్నది టైమర్ దేనికోసమో తేలాకే చెప్పగలం. పొయ్యిమీద కుక్కర్ పెట్టి మొదలుపెట్టిన టైమర్‌కు ల్యాప్‌టాప్ నిద్రతో పనిలేదు, కుక్కర్ ఉడుకుతూనే ఉంటుంది. అక్కడ నిద్ర లెక్కలోకి రావాలి. తెరముందు కూర్చుని సాధన చేసే టైపింగ్ పాఠానికి మూత మూయడమంటే విరామమే, అక్కడ రానక్కర్లేదు. సాయంత్రం 6 గంటలకు వేలం ముగుస్తుందని చూపించే కౌంట్‌డౌన్ వేరే జాతి. అది వాగ్దానం చేసేది ఒక క్షణాన్ని, వ్యవధిని కాదు. దానికి గోడ గడియారమే ఆధారం కావాలి. ఎవరైనా తప్పుగా ఉన్న గడియారాన్ని సరిచేస్తే మిగిలిన సమయం దూకడమే అక్కడ న్యాయం. మోనోటోనిక్ ఒక్కటే మంచిదని గుడ్డిగా చెప్పే సలహాలు ఈ తేడాను మింగేస్తాయి.

గడువు మీద ఇంకొకరి హక్కు ఉన్నప్పుడు వాడేవారి కంప్యూటర్‌లోని ఏ గడియారాన్నీ నమ్మకూడదు. 160 ప్రశ్నలకు 180 నిమిషాలిచ్చే ఈఏపీసెట్ లాంటి కంప్యూటర్ పరీక్ష రాసినవారందరికీ తెర మూలన తరిగిపోయే ఆ అంకెలు గుర్తుంటాయి. జేఈఈ మెయిన్ సూచనల్లో మొదట్లోనే ఉండే మాట, గడియారం సర్వర్‌లో అమర్చి ఉంటుందని, కుడివైపు పైమూలన కనిపించేది మిగిలిన సమయమని, అది సున్నాకు చేరగానే పరీక్ష దానంతటదే ముగుస్తుందని. అభ్యర్థి ముందున్న కంప్యూటర్ మధ్యలో ఆగిపోయి వేరే దానిమీద కూర్చోబెట్టినా లెక్క చెదరకూడదంటే అదే దారి. ప్రోగ్రాం సర్వర్‌ను మిగిలిన సమయం అడిగి తెచ్చుకుంటుంది. జవాబు అందిన క్షణాన్ని స్థానిక మోనోటోనిక్ గడియారంతో ముడివేసి, అక్కడినుంచి తనే చూపించుకుంటుంది. అప్పుడప్పుడూ మళ్ళీ అడిగి సరిచూసుకుంటుంది. సెకనుకోసారి సర్వర్ తలుపు తట్టనక్కర్లేదు.

మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాంకు సర్వర్ లేకపోయినా, మూసి తెరిచినప్పుడు కొనసాగాల్సిన కౌంట్‌డౌన్ అయితే ముగింపు క్షణాన్ని యూటీసీలో డిస్క్‌మీద రాసుకోవాలి. మోనోటోనిక్ అంకెను రాసుకుంటే రీస్టార్ట్ తర్వాత దానికి అర్థం ఉండదు, ఎందుకంటే అది మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది.

విరామం బటన్ దగ్గర సాధారణంగా కోడ్ చిందరవందర అవుతుంది. ఆపిన సమయాలన్నీ ఒక జాబితాలో దాచి చివర్లో తీసేసే ప్రయత్నాలు కనిపిస్తుంటాయి. అంత అవసరం లేదు. నడుస్తున్నప్పుడు టైమర్ దగ్గర ఉండాల్సింది ముగింపు క్షణం ఒక్కటే, ఆగినప్పుడు మిగిలిన వ్యవధి ఒక్కటే. ఆపితే మొదటిదాన్ని రెండోదానిగా మార్చి మొదటిది పారేయాలి. కొనసాగిస్తే ఇప్పటి సమయానికి మిగిలిన వ్యవధి కలిపి కొత్త ముగింపు రాసుకోవాలి. రెండూ ఒకేసారి బతికి ఉన్నాయంటే ఎక్కడో తప్పు జరగబోతున్నట్టే.

తెరమీద చూపించడంలో కూడా ఒక నిర్ణయం దాగుంది. 5 నిమిషాల టైమర్ మొదలై ఒక మిల్లీసెకండ్ గడిస్తే మిగిలింది 4 నిమిషాల 59.999 సెకన్లు. భిన్నాన్ని కింది వైపు కత్తిరిస్తే నొక్కిన మరుక్షణమే 4:59 కనిపిస్తుంది, చివర్లో 0:00 అని రాసి ఉండగానే ఇంకో సెకను నడుస్తుంది. సున్నా కనిపిస్తున్నా గంట మోగకపోవడం చూసేవారికి లోపంలాగే తోస్తుంది. పై సెకనుకు సవరిస్తే 5:00 నిండు సెకను నిలుస్తుంది, సున్నా పడిన క్షణమే గంట మోగుతుంది. కౌంట్‌డౌన్‌కు ఇదే నప్పుతుంది. స్టాప్‌వాచ్‌కు మాత్రం కిందికి కత్తిరించడమే సరి.

లెక్క సరిగ్గా ఉన్నా ఒక్కోసారి 4:37 తర్వాత 4:35 కనిపిస్తుంది, 4:36 మాయమవుతుంది. సెకనుకోసారి మాత్రమే తెర మారుస్తూ, ఆ మార్పు సెకను సరిహద్దుకు అటూ ఇటూ పడుతుంటే ఇలా జరుగుతుంది. క్యూటీలో టైమర్ మామూలుగా 5 శాతం సడలింపుతో నడుస్తుంది కాబట్టి అక్కడా ఇది ఎదురవుతుంది. సెకనుకు అయిదారుసార్లు చూసి, అంకె మారితేనే తెరమీద రాయడం తేలికైన మార్గం. ఒద్దిక కోరుకునేవారు మిగిలిన సమయంలోని మిల్లీసెకండ్ల భాగాన్ని చూసి, తర్వాతి సరిహద్దు దాటిన కాసేపటికి మాత్రమే లేపమని టైమర్‌ను ప్రతిసారీ కొత్తగా అమర్చుకోవచ్చు.

సమయాన్ని దాచుకునేటప్పుడు పూర్ణాంకాలే వాడాలి, మిల్లీసెకండ్లయినా నానోసెకండ్లయినా. కంప్యూటర్ వాడే, 0, 1 అంకెలే ఉండే ద్విసంఖ్యామానంలో 0.1ని పూర్తిగా రాయలేం. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా పేట్రియట్ క్షిపణి వ్యవస్థ ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణిని అందుకోలేకపోవడం వెనక ఈ పదోవంతే ఉంది. అది సమయాన్ని పదోవంతు సెకన్లలో పూర్ణాంకంగా సరిగ్గానే లెక్కపెట్టింది. సెకన్లలోకి మార్చడానికి 24 బిట్లలో కత్తిరించిన 0.1తో గుణించింది. వంద గంటలు నడిచేసరికి తేడా 0.34 సెకన్లయింది, 28 మంది సైనికులు చనిపోయారు. వంటగది టైమర్ ప్రాణం మీదికి తేదు గానీ, లెక్క పూర్ణాంకాల్లో చేసి దశాంశాన్ని తెరకు వదిలేయడంలో ఖర్చేమీ లేదు.

సున్నా దగ్గర ఎంత కచ్చితత్వం కావాలన్నది అడగాల్సిన ప్రశ్నే. గంట 15 మిల్లీసెకండ్లు ఆలస్యంగా మోగితే మనిషి చెవికి తెలియదు. దానికోసం గడియారపు అడుగును 1 మిల్లీసెకండ్‌కు తగ్గించమని విండోస్‌ను అడగడం ల్యాప్‌టాప్ బ్యాటరీని వృథా చేయడమే. దానికన్నా సున్నాను రెండుసార్లు ప్రకటించకుండా చూసుకోవడం ముఖ్యం. వేరే థ్రెడ్‌లో, అంటే ప్రోగ్రాంలోనే విడిగా సాగే పనివరుసలో, నడిచే టైమర్‌ను ఆపమన్న తర్వాత కూడా దారిలో ఉన్న టిక్కు ఒకటి వచ్చి చేరవచ్చు. 'ముగిసింది' అని ఒక్కసారే చెప్పే కాపలా లేకపోతే జవాబు పత్రం రెండుసార్లు సమర్పితమవుతుంది.

ఆలస్యం మిల్లీసెకండ్లు దాటి నిమిషాల్లోకి వెళ్ళేది ప్రోగ్రాం కనబడకుండా పోయినప్పుడు. 2013లో వచ్చిన మ్యాక్ మావెరిక్స్ నుంచి, వెనక దాగిన ప్రోగ్రాంల టైమర్లను యాప్ న్యాప్ అనే సదుపాయం నెమ్మదింపజేస్తోంది. క్రోమ్ బ్రౌజర్‌కు పునాది అయిన క్రోమియం మీద కట్టిన, ఎలక్ట్రాన్ అనే పరికరంతో తయారైన డెస్క్‌టాప్ ప్రోగ్రాంలలో దాగిన విండో టైమర్లకు సెకనుకోసారి మాత్రమే వంతు వస్తుంది. క్రోమ్ 88 నుంచి బ్రౌజర్‌లో చాలాసేపు దాగిన పేజీకి నిమిషానికోసారే. ముగింపు క్షణంతో లెక్కించే ప్రోగ్రాంలో అంకె తప్పుకాదు గానీ గంట ఆలస్యమవుతుంది. ఎలక్ట్రాన్‌లో ఈ నెమ్మదింపును ఆ విండో వరకు ఆపే సెట్టింగు ఉంది. లేదంటే గంట మోగించే బాధ్యతను తెరతో సంబంధం లేని ప్రధాన ప్రాసెస్‌కు అప్పగించవచ్చు.

వీటన్నిటినీ పరీక్షించడానికి మూడు గంటలు కూర్చోనక్కర్లేదు. కోడ్ గడియారాన్ని నేరుగా పిలవకుండా బయటినుంచి అందుకునేలా రాస్తే, పరీక్షలో నకిలీ గడియారం ఇచ్చి సమయాన్ని ఇష్టమొచ్చినట్టు నడిపించవచ్చు. డాట్‌నెట్ 8 నుంచి టైమ్ ప్రొవైడర్ ఇందుకోసమే ఉంది. మూడు టిక్కులు మింగేయాలి, గోడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పాలి, ఇరవై నిమిషాల నిద్ర కలపాలి, సరిగ్గా సున్నా దగ్గర విరామం నొక్కాలి. ఈ నాలుగూ దాటిన టైమర్‌లో ఇక మిగిలేది కంప్యూటర్ గడియారాన్ని నడిపే స్ఫటికపు తేడా. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్న స్ఫటికమైతే మూడు గంటల పరీక్షలో అది సెకనులో అయిదో వంతుకు కాస్త ఎక్కువ.